గడ్డం నానేంతసేపు

తెనాలిలో మా స్నానాలగది అలమరలో ఇప్పుడు ఐదు ట్యూబులున్నాయి. ఒకటి గంధం వాసన, ఒకటి నిమ్మ, ఒకటి ముక్కులో చలి పుట్టించే కర్పూరం లాంటిది, ఒకటి బొగ్గుతో చేశారట, నల్లగా తారులా వస్తుంది. ఐదోదాని అట్ట మీద సముద్రం వాసన అని రాశారు. నిజాంపట్నానికి దగ్గర్లోనే పుట్టి పెరిగినవాణ్ణి, సముద్రం వాసన ఏంటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కుళ్ళిన నాచు, డీజిలు, ఉప్పు పట్టిన వలలు, ఎండలో పరిచిన చేపలు. ఈ ట్యూబులో ఉన్నది హోటల్లో చేతులు కడుక్కునే చోట పెట్టే సబ్బు వాసన. అది పూసుకుని అద్దంలో చూసుకుంటే నా మీద నాకే రోత పుట్టింది. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, చర్చిలో సంఘ పెద్దని, మొన్న వారమంతా పొద్దున్నే ఒక్కో రంగు నురగ బుగ్గలకు పట్టించి గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "పెళ్ళిచూపులు ఎవరికండీ?" అంది.

గరుకు గడ్డాన్ని మెత్తబరిచే క్రీము కావాలని అడిగితే దుకాణంలో కుర్రాడు ఇవన్నీ వరసగా గాజుబల్ల మీద పెట్టాడు. "ఏదైనా ఒకటేనండి బాబాయ్ గారూ, రాయగానే వెన్నలా అయిపోద్ది" అన్నాడు. రాయగానే ఏ వెంట్రుకా వెన్న కాదు. వెంట్రుక నీళ్ళు తాగాలి. తాగడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలిసినంత కచ్చితంగా ఈ ట్యూబులు చేసినవాళ్ళకు కూడా తెలియదు. ఎందుకు తెలుసో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాయాలని ఉండి కాదు, రాయకపోతే ఇది నన్ను వదలదని తెలిసి.

బాపట్ల నుంచి రాహేలు ఫోను చేసింది. రాహేలు మా ఏసోబు బాబాయి కూతురు. ఏసోబు బాబాయి మాకు రక్తసంబంధం కాదు, మా పేట మనిషి, ఒకే సంఘం. తొంభైకి దగ్గర పడ్డాడు, కూతురి దగ్గర ఉంటున్నాడు. "అన్నయ్యా, నాన్న వచ్చే ఆదివారం ప్రభురాత్రి సంస్కారం తీసుకుంటానన్నాడు. పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి ఇస్తానన్నారు. గడ్డం తీశాకే అని నాన్న పట్టు. సెలూను అబ్బాయిని పిలిపిస్తే తిట్టి పంపించాడు. ఉపదేశి గారి అబ్బాయిని పిలవండి, వాడే గియ్యాలి అంటున్నాడు" అంది. ఆ ఉపదేశి గారి అబ్బాయిని నేనే. నాన్న ఎందుకలా అంటున్నాడో ఆ పిల్లకు తెలియదు. నలభై తొమ్మిదేళ్ళుగా ఆయన గడ్డం ఎందుకు గీయించుకోలేదో, ప్రభువు బల్ల దగ్గరకు, అంటే గుళ్ళో రొట్టె, ద్రాక్షారసం పంచే చోటికి, ఎందుకు రాలేదో కూడా తెలియదు. తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆయనా నేనూ. వస్తానమ్మా అన్నాను. అన్నానే గానీ ఆ పూట బస్సెక్కకుండా క్రీముల దుకాణానికి వెళ్ళాను. మర్నాడు ఇంకో దుకాణానికి. ఆదివారానికి ఇంకా వారముందిగా అని నాకు నేను చెప్పుకున్నాను.

మా నాన్న రేపల్లె అవతల మా ఊళ్ళో ఉపదేశి. అంటే అయ్యగారు నెలకోసారి వచ్చే చోట మిగతా ఆదివారాలు వాక్యం చెప్పి, పిల్లలకు ఆజ్ఞలు నేర్పి, జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేసే మనిషి. ఊళ్ళో క్షౌరం చేసే ఆయన మా పేటకు వచ్చేవాడు కాదు. మమ్మల్ని ముట్టుకుంటే మిగతా ఊరు ఆయన్ని రానివ్వదు. అందుకని గడ్డాల పని కూడా నాన్న మీదే పడింది. సంస్కారపు ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం మా వాకిట్లో మగవాళ్ళంతా బారులు తీరేవాళ్ళు. ప్రభువు బల్ల దగ్గరకు శుభ్రమైన ముఖంతో రావాలన్నది నాన్న పెట్టిన నియమం. అది లేఖనంలో ఎక్కడుందని ఎవరూ అడగలేదు. ఉపదేశి గారు అన్నారంటే ఉన్నట్టే.

ఇప్పుడు చదివేవాళ్ళకు కడుపులో తిప్పితే నన్ను తిట్టుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. గడ్డం మెత్తబడ్డానికి మాకున్నది గంజి. పొద్దున వార్చిన గంజిని సాయంత్రం మళ్ళీ కాచి కుండలో పోసి వాకిట్లో పెట్టేది అమ్మ. పాత పంచె ముక్క ఒకటి అందులో ముంచి, పిండి, ముఖానికి చుట్టేవాళ్ళు. ఆ గుడ్డే తర్వాతి మనిషికి. ఆ కుండే అందరికీ. ఎనిమిదో మనిషి దగ్గరకు వచ్చేసరికి గంజి మీద బూడిదరంగు మీగడ కట్టేది. అందులో తెగిన వెంట్రుకలు, చుట్టల కంపు, పొలంలో పట్టిన చెమట, ఎవరి నోటి ఎంగిలో. పులిసిన గంజి వాసన మీద బట్టల సబ్బు వాసన. నురగ పట్టించడం నా పని. పాలడబ్బాలో సబ్బు ముక్క వేసి, బొటనవేలంత అరిగిపోయిన బ్రష్షుతో గిలక్కొట్టి ఒక్కొక్కరి ముఖానికి పుయ్యాలి. బ్రష్షు కుదుళ్ళలో ఎవరెవరి వెంట్రుకలో ఇరుక్కుని ఉండేవి. అవి వేలికి తగిలినప్పుడల్లా నేను చెయ్యి లుంగీకి తుడుచుకునేవాణ్ణి. అంతా అయ్యాక కుండలో మిగిలిన గంజిని అమ్మ పారబొయ్యదు. గేదె కుడితిలో కలుపుతుంది. మర్నాడు పొద్దున ఆ గేదె పాలతోనే మాకు కాఫీ. నేను తాగనంటే, "గేదెకు లేని అసహ్యం నీకేంట్రా?" అనేది.

నాన్నకు మాత్రం ఇందులో అసహ్యం అన్నదే కనపడేది కాదు. ఒకసారి గంజి మార్చమని అడిగితే, రేపు పొద్దున అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షారసం తాగుతారు గదా, ఈ సాయంత్రం ఒకే కుండలో గడ్డాలు నానబెట్టుకుంటే ఏం పోయింది అన్నాడు. ఆయనకు అది వాదన కాదు, నిజం. పైగా గుడ్డ చుట్టుకుని కూర్చున్న మగవాళ్ళంటే ఎటూ కదల్లేని పిల్లలు. ఆ సమయాన్ని ఆయన వదిలేవాడు కాదు. గడ్డం నానేంతసేపు పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన చెప్పించేవాడు. గడ్డాలకు కొలతే అది. లేత గడ్డానికి నాలుగో ఆజ్ఞ దాకా చాలు. నడివయసు వాళ్ళకు పది ఆజ్ఞలూ పూర్తవ్వాలి. ఏసోబు బాబాయిది కొబ్బరిపీచు. ఆయనకు ఆజ్ఞలు అయిపోయి, విశ్వాస ప్రమాణం అయిపోయి, పరలోక ప్రార్థన ఆమేన్ దాకా వస్తే తప్ప కత్తి దిగేది కాదు. "ఉపదేశి గారూ, నా గడ్డం వల్లేనండి మన పేటలో నా అంత వాక్యం ఎవరికీ రాదు" అని ఆయనే నవ్వేవాడు. చదువురాని మనిషి. నిజాంపట్నంలో ఎండుచేపలు ఆరబోసే చోట కూలి చేసేవాడు. శనివారం అక్కణ్ణుంచి నేరుగా మా వాకిట్లోకే వచ్చేవాడు.

నేను బాపట్లలో డిగ్రీలో చేరాను. హాస్టల్లో నా గదిలో ఉన్న అబ్బాయి దగ్గర మొదటిసారి క్రీము ట్యూబు చూశాను. నొక్కితే తెల్లగా, చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. ఒక వెంట్రుక లేదు, ఒక మడ్డి లేదు, వాసన పూలతోటలా ఉంది. ఆ రోజు నాకు పాపికి రక్షణ దొరికినంత పని అయింది. ఈ మాట దేవుడికి భయపడుతూనే రాస్తున్నాను. రెండు నెలలు టిఫిన్లు మానేసి అలాంటి ట్యూబూ, కొత్త బ్రష్షూ కొనుక్కున్నాను. సెలవులకు వస్తూ పెట్టెలో బట్టల అడుగున దాచాను.

దాస్తే ఆగుతుందా. ఆ శనివారం నాన్న పెట్టెలో దేనికోసమో వెతుకుతూ అవి పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. కోపం లేదు, సంబరం. మావాడు పట్నం నుంచి మీ అందరికీ దొరసబ్బు తెచ్చాడని చెప్పాడు. నేను దాచుకున్నానన్న ఊహే ఆయనకు రాలేదు. ముందు ఏసోబుకు పట్టించరా, ఆ పీచు మెత్తబడిందంటే ఇది నిజంగా మంచిదే అని నా చేతికిచ్చి, కత్తికి వేణ్ణీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు. బాబాయి స్టూలు మీద కూర్చుని గడ్డం ఎత్తి కళ్ళు మూసుకున్నాడు. గడ్డంలో చేప పొలుసులు మెరుస్తున్నాయి. ఆ ముఖం నుంచి వచ్చిన కంపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నా కొత్త బ్రష్షుతో ఒక్కసారి రాశాను. తెల్లటి కుచ్చుకు పొలుసు అంటుకుంది. ఆ తర్వాత నేనేం చేస్తున్నానో నాకు తెలుసు, తెలియక చేశానని అబద్ధం చెప్పను. బ్రష్షు తీసి గోడవార మురుక్కాలవలోకి విసిరేశాను. "ఈ కంపు మూతికి పెట్టింది మళ్ళీ నా ముఖానికి ఎట్టా పెట్టుకుంటాను? మిమ్మల్ని ముట్టుకుంటే వాంతొస్తోంది" అన్నాను.

వాకిట్లో మిగిలినవాళ్ళు ఇంకో మూల కూర్చుని గట్టిగా ఆజ్ఞలు వల్లిస్తున్నారు. ఎవరూ వినలేదు. బాబాయి కళ్ళు తెరిచి నన్ను చూశాడు. భుజం మీది తువ్వాలుతో ఆ కాస్త నురగా తుడుచుకున్నాడు. వెళ్ళి కాలవలోంచి బ్రష్షు తీశాడు. బిందెలో నీళ్ళతో కడిగాడు, పొలుసు గోటితో ఏరాడు, అరుగు మీద పెట్టాడు. నాన్న వేణ్ణీళ్ళతో బయటకు వచ్చేసరికి, కడుపులో బాగాలేదు ఉపదేశి గారూ, పోయొస్తానని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను ఆ బ్రష్షును పొయ్యిలో వేశాను. ఊరంతా మమ్మల్ని ముట్టుకోకూడదనే రోజుల్లో, ఆ మాట పడినవాణ్ణయ్యుండీ నేను మావాణ్ణి ఆ మాట అన్నాను. అది నాకు తట్టడానికి ఏళ్ళు పట్టింది.

మర్నాడు బాబాయి గుడికి వచ్చాడు. చివరి వరసలో కూర్చున్నాడు. అందరూ లేచి ముందుకు వెళ్ళి మోకాళ్ళూనినప్పుడు ఆయన లేవలేదు. నాన్న అడిగితే గడ్డం ఉందిగదండీ అన్నాడు. వచ్చే నెలా అదే మాట. తర్వాత గడ్డం ఛాతీ దాకా దిగింది. నాన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, నియమం నీకొక్కడికి సడలిస్తానని కూడా అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నా పేరు ఎత్తలేదు. రేపల్లెలో ఎవరికైనా గడ్డం గీసే సెలూన్లు వచ్చాక కూడా ఆయన వాటి గడప తొక్కలేదు. మా నాన్న చివరి రోజుల్లో మంచం మీద, ఇంతమందిని నడిపించాను గానీ ఏసోబును బల్ల దగ్గరకు తేలేకపోయాను, నాలో ఏం లోపం ఉందో ప్రభువే చెప్పాలి అన్నాడు. నేను ఆయన కాళ్ళు ఒత్తుతున్నాను. ఒత్తుతూనే ఉన్నాను.

నేను టీచర్నయ్యాను, తెనాలిలో స్థిరపడ్డాను, సంఘ పెద్దనయ్యాను. అయ్యగారు ఊళ్ళో లేని ఆదివారాలు వాక్యం చెప్పేవాణ్ణి. కుష్ఠురోగిని ప్రభువు దూరం నుంచి బాగుచేయలేదు, ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడని చెబితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. గిన్నె దగ్గర మాత్రం నాకన్నా ముందు ఎవరు తాగుతున్నారో లెక్క చూసుకుని, మీసాలవాళ్ళకన్నా ముందు మోకాళ్ళూనేవాణ్ణి. కొన్నేళ్ళకు కమిటీలో వాదించి అందరికీ విడివిడిగా బొటనవేలంత ప్లాస్టిక్ కప్పులు పెట్టించాను. ఆరోగ్యం కోసమన్నాను. మా చుట్టుపక్కల సంఘాలు కూడా అదే పట్టుకున్నాయి. ఇప్పుడు సంస్కారం అయ్యాక గుడి వెనక చెత్తబుట్టలో ఎర్రటి మరకల కప్పులు గుట్టగా పడి, వాటి మీద ఈగలు. నాకది చూస్తే కూడా రోతే. నా రోత పుట్టించిన రోత అది.

శనివారం మధ్యాహ్నానికి గానీ బాపట్ల చేరలేదు. రాహేలు ఇల్లు సూర్యలంక వెళ్ళే దారిలో. శనివారం కదా, బీచికి పోయే కార్లు వరసగా పోతున్నాయి. బాబాయి కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. గడ్డం తెల్లగా కూడా లేదు, పసుపు పచ్చగా, చివర్లు జడలు కట్టి ఉంది. పొద్దున తిన్న ఇడ్లీ తునక ఒకటి అందులో ఎండిపోయి ఉంది. "వచ్చావా, వారం పట్టిందే" అన్నాడు. తప్పు చేసిన పిల్లాడిలా బస్సులు లేవన్నాను. గంటకొక బస్సుందని ఇద్దరికీ తెలుసు.

ముందు కత్తెరతో జడలు తీశాను. తర్వాత సంచిలోంచి సరుకు బయటపెట్టాను. ఆ ఐదు ట్యూబులూ కాక ఏ వాసనా లేని సాదాది ఒకటి ఆఖర్న దొరికింది, అది తెచ్చాను. కొత్త బ్రష్షు, ఇంకా కవరు తీయనిది. ఆయన దాన్ని తీసుకుని కవరు చించి, కుచ్చును బొటనవేలితో తడిమాడు.

"కొత్తదా?"

"కొత్తదే బాబాయ్. మీకోసమే కొన్నాను."

"నువ్వు రేపు ఇక్కణ్ణుంచే గుడికి పోతావంటగా. నీ బ్రష్షు తేలేదా?"

"తెచ్చాను."

"అయితే అది తియ్యి."

గొంతులో కోపం లేదు, పంతం లేదు. మంచినీళ్ళు అడిగినట్టు అడిగాడు. కొత్తదాన్ని కిటికీ గట్టు మీద పెట్టేశాడు. నేను సంచిలోంచి నాది తీశాను. పదేళ్ళుగా వాడుతున్నది, మా ఆవిణ్ణి కూడా ముట్టుకోనివ్వను.

ప్రభువు శిష్యుల పాదాలు కడగడం గురించి అన్ని ప్రసంగాలు చేసినవాణ్ణి, ఆ కుర్చీ ముందు నిలబడితే నా లోపల ఏ పరిశుద్ధమైన ఆలోచనా రాలేదు. ముసలి చర్మం, మందుల వాసన, నోటి పక్కన ఎండిన చొంగ. వాటి అడుగున ఎండుచేపల కంపు కూడా ఉందనిపించింది. అది నా ఊహే అయ్యుండొచ్చు, ఆయన ఆ పని మానేసి పాతికేళ్ళు. వేణ్ణీళ్ళ గుడ్డ పెట్టి తీసి, క్రీము వేసి, నా బ్రష్షుతో రాయడం మొదలుపెట్టాను. నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను.

"గాలి పీల్చుకోరా" అన్నాడు కళ్ళు మూసుకునే. "నువ్వు ఇక్కడ పోతే రేపు అయ్యగారికి రెండు పనులవుతాయి."

నురగ పూర్తిగా పట్టించి నిలబడ్డాను. ఆ కుర్రాడు చెప్పినట్టు వెన్న కాలేదు. పీచు పీచులాగే ఉంది. బాబాయి నేనేమీ అనకముందే ఆజ్ఞలు మొదలుపెట్టాడు. నురగ పెదాల మీదకు కారుతుంటే ఉఫ్ అని ఊదుతూ, మా నాన్న నేర్పిన వరసలోనే, ఒక్క మాట తప్పకుండా. నేనూ గొంతు కలిపాను. పది ఆజ్ఞలు అయ్యాయి. విశ్వాస ప్రమాణం అయింది. పరలోక ప్రార్థనలో రోజువారీ ఆహారం అడిగే దాకా ఇద్దరం కలిసే చెప్పాం. ఆ తర్వాత క్షమించమని అడిగే మాట వస్తుంది. నేను అక్కడ ఆగిపోయాను. ఆయన ఆగలేదు. అంతకుముందు మాట ఎట్లా చెప్పాడో అదీ అట్లాగే చెప్పేసి, ఆమేన్ దాకా వెళ్ళాడు. వేలు పెట్టి చూశాను. వెంట్రుక మెత్తబడింది.

"బాబాయ్, ఆ రోజు నేను..."

"గియ్యి. నురగ ఎండిపోతోంది."

గీశాను. ఒక్క గాటు పడలేదు. నలభై తొమ్మిదేళ్ళు ఎండ తగలని దవడ పసిపిల్లాడి పొట్టలా బయటపడింది. రాహేలు వచ్చి చూసి, తండ్రి ముఖం గుర్తుపట్టలేక కాసేపు గుమ్మంలోనే నిలబడింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు వచ్చారు. అప్పం ఇచ్చి, తర్వాత సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ కప్పు తీసి ద్రాక్షారసం పోశారు. బాబాయి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూశాడు. "ఇదేంటండి, దగ్గు మందా? ఉపదేశి గారప్పుడు అందరం ఒక గిన్నెలో తాగేవాళ్ళం." ఇప్పుడు ఎవరిది వాళ్ళకేనండి, పెద్దలు పెట్టిన పద్ధతి అని అయ్యగారు మర్యాదగా చెప్పారు. నేను నేల చూశాను. బాబాయి తాగి, కప్పు నా చేతికిచ్చాడు. "వచ్చే నెల కూడా రా. ఆ బ్రష్షే తే" అన్నాడు.

ఆ ట్యూబులు ఇంకా అలమరలోనే ఉన్నాయి, పారేయమని మా ఆవిడకు చెప్పాను. బ్రష్షు పక్కనే ఉంది. వచ్చిన మర్నాడు దాన్ని వేణ్ణీళ్ళలో మూడుసార్లు కడిగాను, వాసన చూశాను, మళ్ళీ కడిగాను. ఈ పొద్దున కూడా కడిగాను. మనసులో రోత పోయిందని రాస్తే బాగుంటుంది గానీ పోలేదు. ముఖానికి మాత్రం పెట్టుకుంటున్నాను. నానేంతసేపు నాన్న నేర్పిన వరసలో చెప్పుకుంటాను. ఇప్పుడు నాది మెత్తటి గడ్డమే, నాలుగో ఆజ్ఞ చాలు. అయినా చివరి దాకా వెళ్ళాలని చూస్తాను. క్షమించమనే ఆ మాట దగ్గరకు రాగానే ఆగిపోతాను. ఆగి నిలబడితే నురగ ఎండిపోతుంది. మళ్ళీ నీళ్ళు కొట్టుకుని మొదటి నుంచి మొదలుపెడతాను.